దూకవద్దు, దిగండి

మన బళ్ళారి తెలుగు ఇండ్లలో లారీ మీద బ్రతికేవి చాలా వున్నవి. తాతలు ఎద్దుల బండ్లు తోలినారు. తండ్రులు లారీలు పట్టినారు. ఇప్పుడు కొడుకులు తోరణగల్లు నుండి ఉక్కు కాయిల్సు మోసే పొడుగాటి ట్రెయిలర్లు నడుపుతున్నారు. నేను ఒక లారీ ఆఫీసులో గుమాస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఎల్.ఆర్. కాగితాలు వ్రాస్తున్నాను. వైద్యుణ్ణి కాను. కాని డ్రైవర్లు ఎలా యెక్కుతారో, ఎలా దిగుతారో కిటికీలోంచి రోజూ చూసేవాణ్ణి గనుక నాలుగు మాటలు చెప్పదలచినాను.

లారీవానికి ప్రమాదమంటే మనకు రోడ్డు మీద గుద్దుకోవడమే గుర్తుకు వస్తుంది. బండి ఆగిన తరువాత తగిలే దెబ్బల సంగతి తలచేవారు తక్కువ. పైకప్పు, ప్రక్క తలుపులు లేని ట్రెయిలరు నడిపేవానికి పని స్టీరింగుతో తీరదు. సరుకు మీద టార్పాలిను కప్పాలి. గొలుసులు బిగించాలి. దారిలో ఆగి బిగువు చూడాలి. చేరిన చోట అన్నీ విప్పాలి. యెక్కడం, దిగడం, లాగడం, ఎత్తడం అన్నీ ఇందులో వున్నవి.

మా బావమరిది సంగతే చెప్తాను. రెండేళ్ళ క్రిందట లోడుతో రాత్రంతా నడిపి తెల్లవారుజామున చెన్నై ప్రక్క ఒక గోడౌను చేరినాడు. బండి ఆపీ ఆపగానే పైకి యెక్కి టార్పాలిను మడిచి, తొందరలో అక్కడి నుండే క్రిందికి దూకినాడు. యెత్తు అయిదడుగులకు మించదు. కాని మడమ చక్రానికి పెట్టే అడ్డుచెక్క మీద పడినది. మోకాలు మెలితిరిగినది. లోపలి లిగమెంటు తెగినదని డాక్టరు చెప్పినారు. నాలుగు నెలలు ఇంటిలో కూర్చున్నాడు. జీతం లేదు, బత్తా లేదు. అతని భార్య, నాకు చెల్లెలి వరస, గాజులు కుదువబెట్టి పిల్లల ఫీజు కట్టినది.

“ఇరవై ఏండ్లుగా దూకుతున్నాను బావా, ఎప్పుడూ ఏమీ కాలేదే” అన్నాడు. నేను మాట్లాడలేకపోయినాను. ఆ రాత్రి “గేటు మూస్తారు, తొందరగా పో” అని ఫోను చేసినది నేనే.

డాక్టరు చెప్పినదేమంటే, గంటల తరబడి కదలక కూర్చున్నవాని నడుము, తొడలు, పిక్కలు బిగుసుకొని వుంటవి. బండి అదురుకు వెన్ను కండరాలు అలసి వుంటవి. అట్టి శరీరంతో దూకితే మన బరువుకు ఎన్నో రెట్ల భారం ఒక్క క్షణంలో కాళ్ళ మీద పడుతుంది. అందుచేత బండి ఆపగానే బరువు పట్టరాదు. ముందు అయిదు నిమిషాలు నడవాలి.

దిగేటప్పుడు ముఖం బండి వైపు వుండాలి. రెండు చేతులు, రెండు కాళ్ళు, ఈ నాలుగింటిలో మూడు ఎప్పుడూ బండిని ఆనుకొని వుండాలి. ఒకటే కదలాలి. చేతిలో ఫోను, సీసా పట్టుకొని దిగరాదు. హవాయి చెప్పులు కాబినులోనే వుంచి, పట్టు వుండే బూట్లు తొడగాలి.

తాడు లాగేటప్పుడు సరుకు అంచున వీపు బయటికి పెట్టి నిలబడరాదు. ముడి జారితే వెల్లకిల పడడమే. వీలైనంతవరకు నేల మీద నిలబడి లాగాలి. గొలుసు బిగించే మీటకు ముఖం అడ్డం పెట్టరాదు. చేయి జారితే అది వెనుకకు తన్ని దవడ పగులగొడుతుంది. తడిసిన టార్పాలిను ఒక్కరే ఎత్తరాదు. ఏ బరువైనా మోకాళ్ళు వంచి, వొంటికి దగ్గరగా పట్టి లేపాలి. తిరగవలసి వస్తే నడుము మెలిపెట్టక పాదాలతో తిరగాలి.

వ్యాయామానికి గోదా అక్కరలేదు. ట్రెయిలరు పొడవు సుమారు 50 అడుగులు. దాని చుట్టూ పదిసార్లు తిరిగితే ఇంచుమించు 400 గజాల నడక అవుతుంది. ఆ నడకలోనే టైర్లు, గొలుసులు చూసుకోవచ్చును. తరువాత బండి పట్టుకొని మడమలు ఇరవై మార్లు పైకెత్తాలి. చిన్నప్పుడు బడిలో తీసిన గుంజీళ్ళు సగం వరకు వంగి పది తీస్తే తొడలకు బలం. నడుము మీద చేతులు పెట్టి మెల్లగా వెనుకకు అయిదుసార్లు వంగాలి. వెనుక జేబులో పర్సు పెట్టుకొని నడపరాదు. నడుము ఒక ప్రక్కకు ఒరిగి నొప్పి మొదలవుతుంది.

క్రొత్తగా తయారయ్యే పెద్ద లారీల కాబినులో ఏసీ వుండాలని నిబంధన వచ్చినది. మంచిదే. అయితే చల్లని చోట దాహం తెలియదు. దాహం లేకున్నా నీళ్ళు త్రాగుతూ వుండాలి. ఇక నిద్ర. 1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే రోజుకు 8 గంటల పని, 5 గంటలు పనిచేస్తే అరగంట విశ్రాంతి అని వ్రాసినారు. ఆనాటి పెద్దలకు తెలిసిన సంగతి ఈనాడు మనం మరువరాదు.

ఇంటిలోని ఆడవారికి ఒక మనవి. మనిషి దారిలో వున్నప్పుడు “ఎంత దూరం వచ్చినావు, ఇంకా రాలేదే” అని మాటిమాటికి ఫోను చేయవద్దు. ఇంటికి వచ్చిన రోజు బజారు పనులు చెప్పక ముందు నిద్రపోనివ్వండి. ఆఫీసులో కూర్చునే నావంటి గుమాస్తాలకు కూడ ఇదే మనవి. మనం ఫోనులో పెట్టే తొందర అక్కడ మోకాలి మీద పడుతుంది.

మా బావమరిది మరల బండి యెక్కినాడు. ఇప్పుడు ముఖం కాబిను వైపు పెట్టి, మెట్టుమెట్టుకు ఆగి దిగుతాడు. తోటివారు ముసలివాడని నవ్వుతారు. నవ్వనీ. నేను కూడ కిటికీలోంచి మనవారికైతే “మెల్లగా దిగు నాయనా” అని, కన్నడమువారికైతే “నిధానవాగి ఇళియప్పా” అని కేక వేస్తుంటాను. పరుగెత్తి పాలు త్రాగేకంటే నిలబడి నీళ్ళు త్రాగడం మేలని మన పెద్దలు వూరకే అనలేదు.