వీధికుక్కతో అనుబంధం: శాస్త్రం చెబుతున్నదేమిటి?

ఢిల్లీతో పాటు నోయిడా, ఘాజియాబాద్, గురుగ్రామ్, ఫరీదాబాద్‌లలోని వీధికుక్కలను పట్టి ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆదేశించింది. కుక్కకాట్లు, రేబిస్ వల్ల పిల్లలకు కలుగుతున్న ముప్పే ఇందుకు కారణం. ఆ ఉత్తర్వుపై నిరసనలు వెల్లువెత్తాయి. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దానిని సవరించింది. సంతాన నిరోధక శస్త్రచికిత్స, టీకాలు పూర్తయిన కుక్కలను పట్టిన చోటనే వదలాలని, రేబిస్ సోకినవాటిని, దూకుడుగా ప్రవర్తించేవాటిని మాత్రం విడువరాదని స్పష్టం చేసింది.

వీధికుక్కకు యజమాని అంటూ ఉండడు. అయినా దానిని తీసుకుపోతారనగానే సొంత మనిషిని దూరం చేస్తున్నట్లు తల్లడిల్లినవారు ఉన్నారు. ఇది కేవలం జాలి కాదు.

భయం కలిగినప్పుడు ఆశ్రయంగా, ధైర్యంగా ఉన్నప్పుడు వెన్నుదన్నుగా నిలిచే మనిషి కోసం బిడ్డ వెదుకుతుందని బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ వివరించారు. తల్లి కొద్దిసేపు గది విడిచి వెళ్ళి తిరిగివచ్చినప్పుడు పసిబిడ్డ ఎలా ప్రవర్తిస్తుందో మేరీ ఐన్స్‌వర్త్ పరిశీలించారు. అదే పరీక్షను 1998లో హంగరీ పరిశోధకులు పెంపుడు కుక్కలకు జరిపారు. యజమాని దగ్గరున్నప్పుడు అవి ఎక్కువగా ఆడుకున్నాయి. అపరిచితుని కంటే యజమానినే ఆత్రంగా ఎదురేగి పలకరించాయి. కుక్క, యజమాని ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నప్పుడు ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ శాస్త్రవేత్తలు గుర్తించారు. తల్లీబిడ్డల అనుబంధంలోనూ ఈ హార్మోన్‌కు పాత్ర ఉంది.

ఈ పరీక్షలు జరిగింది ఇంటి కుక్కలపై. వాటి ఫలితాలను వీధికుక్కకు యథాతథంగా ఆపాదించడం తొందరపాటే. కానీ ప్రతి సాయంత్రం అదే వేళకు అన్నం పెట్టే చేతిని అది గుర్తుపడుతుంది. ఒంటరి వృద్ధులకు ఆ ఎదురుచూపే దినచర్య కావచ్చు. అది దూరమైతే కలిగే బాధకు సమాజంలో పరామర్శ దొరకదు. ఇలా గుర్తింపునకు నోచుకోని శోకం గురించి అమెరికా పండితుడు కెన్నెత్ డోకా 1989లోనే విస్తృతంగా రాశారు.

అయితే ఒకరి మమకారం పొరుగువారి భయాన్ని చెరిపివేయదు. లక్షణాలు బయటపడిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే. కాటు పడిన వెంటనే గాయాన్ని పదిహేను నిమిషాల పాటు సబ్బుతో, ధారగా పడే నీటితో కడిగి, ఆలస్యం చేయక టీకా కోసం ఆసుపత్రికి వెళ్ళాలి.

ఆగస్టు 22 ఉత్తర్వు వీధులలో ఎక్కడపడితే అక్కడ ఆహారం పెట్టడాన్ని నిషేధించి, అందుకు వార్డుల వారీగా ప్రత్యేక స్థలాలు కేటాయించాలన్నది. అంటే ఫరీదాబాద్‌లో గుమ్మం ముందు కుక్కకు రొట్టె వేసేవారు ఇకపై ఆ స్థలం దాకా నడవాలి, కుక్కకూ ఆ చోటు అలవాటు చేయాలి.