పిల్లర్ నంబర్ ఒకటే.. రోడ్లు రెండు! ప్రమాదం ఏ లెక్కలోకి వెళ్తుంది? మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్‌లో అసలు చిక్కు ఇదే

హైదరాబాద్‌లో అత్తాపూర్ వైపు ఎవరినైనా అడ్రస్ అడిగి చూడండి. కాలనీ పేరు కంటే ముందు పిల్లర్ నంబర్ చెబుతారు. "ఫలానా పిల్లర్ దగ్గర లెఫ్ట్ తీసుకోండి" అంటే చాలు.. ఆటో డ్రైవర్‌కి అర్థమైపోతుంది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా 11.6 కిలోమీటర్ల పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వేని మోస్తున్న ఈ స్తంభాలు ఇప్పుడు ఆ ప్రాంతానికి డోర్ నంబర్ల లాంటివి.

కానీ ఒక్క విషయం ఆలోచించండి. అదే పిల్లర్ దగ్గర యాక్సిడెంట్ అయిందని 108కి ఫోన్ వచ్చింది. పైన ఎక్స్‌ప్రెస్‌వే మీదా? కింద రోడ్డు మీదా? పిల్లర్ నంబర్ ఆ సంగతి చెప్పదు. అంబులెన్స్ కింది నుంచి వచ్చి, ప్రమాదం పైన జరిగి ఉంటే.. మళ్లీ ర్యాంప్ దాకా వెళ్లి ఎక్కాల్సిందే.

రోడ్ల డేటాతో పనిచేసే ఇంజినీర్లకు, పోలీసులకు, మ్యాపింగ్ నిపుణులకు రోజూ ఎదురయ్యే తలనొప్పి సరిగ్గా ఇదే. మ్యాప్ మీద రెండు రూట్లు ఒకదాని మీద ఒకటి పడినప్పుడు, అక్కడ జరిగిన ఘటనను ఏ రూట్ ఖాతాలో రాయాలి? వినడానికి ఆఫీసు గొడవలా ఉంటుంది. కానీ ఒక ప్రమాదకరమైన మలుపు ప్రభుత్వం కంట్లో పడుతుందా లేదా అన్నది దీని మీదే ఆధారపడి ఉంటుంది.

అసలు ఏంటీ లీనియర్ రిఫరెన్సింగ్?

పేరు పెద్దదే కానీ విషయం మనకు తెలిసిందే. రోడ్డు మొదలైన చోటి నుంచి ఎంత దూరంలో ఉన్నామో చెప్పి చోటును గుర్తించడం. హైవే పక్కన పసుపు తల ఉన్న కిలోమీటరు రాళ్లు, రైలు పట్టాల పక్కన కరెంటు స్తంభాల మీద రాసే నంబర్లు.. అన్నీ ఇదే పద్ధతి. అక్షాంశం, రేఖాంశం అవసరం లేదు. "ఫలానా హైవే, 125.4 కిలోమీటర్" అంటే సరిపోతుంది.

మ్యాపింగ్ సాఫ్ట్‌వేర్ దీన్ని రెండు ముక్కలుగా దాచుకుంటుంది. ఒకటి రూట్. అంటే రోడ్డు గీత, దాని పొడవునా కిలోమీటర్ల లెక్క. రెండోది ఈవెంట్ టేబుల్. ఇది మామూలు ఎక్సెల్ షీట్ లాంటిదే.. రూట్ నంబర్, కిలోమీటర్, ఏం జరిగింది అన్న వివరాలు ఉంటాయి. యాక్సిడెంట్ లాంటిదైతే ఒక చోటు కాబట్టి ఒకే కిలోమీటర్ రాస్తారు. రోడ్డు రిపేరు, స్పీడ్ లిమిట్ లాంటివి ఇక్కడి నుంచి అక్కడి దాకా ఉంటాయి కాబట్టి మొదలు, చివర రెండూ రాస్తారు. మ్యాప్ తెరవగానే సాఫ్ట్‌వేర్ ఈ షీట్ చదివి, రూట్ మీద కొలుచుకుంటూ వెళ్లి, చుక్కనో గీతనో పెడుతుంది.

ఒక్కో రోడ్డుకి ఒక్కో నంబరే ఉన్నంత కాలం ఇది చక్కగా నడుస్తుంది.

బెంగళూరు - కృష్ణగిరి మధ్య ఏం జరుగుతోంది?

హైదరాబాద్, కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లేవాళ్లకి ఎన్‌హెచ్ 44 కొత్త కాదు. పాత లారీ డ్రైవర్లు ఇప్పటికీ దీన్ని సెవెన్ నంబర్ హైవే అనే పిలుస్తారు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు పాత ఎన్‌హెచ్ 7లోని ఈ భాగం ఎన్‌హెచ్ 44లో కలిసింది. శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారి దాకా వెళ్లే రోడ్డు ఇది. మరోవైపు ఢిల్లీ నుంచి ముంబై, పుణె, బెంగళూరు మీదుగా చెన్నై వెళ్లేది ఎన్‌హెచ్ 48.

ఈ రెండూ బెంగళూరులో కలుస్తాయి. అక్కడి నుంచి హోసూరు మీదుగా కృష్ణగిరి దాకా ఒకే తారు రోడ్డు.. నంబర్లు మాత్రం రెండు! కృష్ణగిరిలో మళ్లీ విడిపోయి 44 సేలం వైపు, 48 వేలూరు మీదుగా చెన్నై వైపు వెళ్తాయి. తెలుగు మాట్లాడే కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉండే ప్రాంతం కూడా ఇదే.

ఇప్పుడు ఒక ఊహా లెక్క చూద్దాం. ఈ ఉమ్మడి భాగంలో ఒక మలుపు దగ్గర మూడేళ్లలో ప్రాణాలు పోయిన లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 7 జరిగాయనుకోండి. నాలుగు కేసుల్లో ఎన్‌హెచ్ 44 అని రాశారు, మూడింటిలో ఎన్‌హెచ్ 48 అని రాశారు. ఎవరిదీ తప్పు కాదు.. రెండు పేర్లూ నిజమే కదా!

కేంద్ర రోడ్డు రవాణా శాఖ నిర్వచనం ప్రకారం జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల పరిధిలో, గత మూడేళ్లలో ఇలాంటి ప్రమాదాలు 5 జరిగినా, లేదా 10 మంది చనిపోయినా ఆ చోటు బ్లాక్ స్పాట్. మన ఊహా మలుపు ఎప్పుడో ఆ గీత దాటేసింది. కానీ ఎన్‌హెచ్ 44 జాబితా తీస్తే 4, ఎన్‌హెచ్ 48 జాబితా తీస్తే 3. రెండూ 5 కంటే తక్కువే. అంటే ఆ మలుపు ఏ జాబితాలోనూ బ్లాక్ స్పాట్‌గా కనిపించదు. హెచ్చరిక బోర్డు, క్రాష్ బ్యారియర్ లాంటి మరమ్మతుల వరుసలోకీ రాదు.

సరే, ప్రతి ప్రమాదాన్ని రెండు రూట్ల కిందా రాసేస్తే సరిపోతుందిగా అనిపించొచ్చు. అప్పుడు ఇంకో బొక్క పడుతుంది. రెండు జాబితాలూ కలిపి మొత్తం తీస్తే 7 కాస్తా 14 అవుతుంది. రోడ్డు పొడవు కూడా రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. అదే 10 కిలోమీటర్ల తారు పనికి రెండు నంబర్ల కింద రెండు ఎంట్రీలు పడితే ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

జీపీఎస్ ఉందిగా.. ఇంకా సమస్యేంటి?

ఈ ప్రశ్న సహజమే. ఐఐటీ మద్రాస్, ఎన్ఐసీ కలిసి తయారుచేసిన ఐరాడ్ వ్యవస్థ వచ్చాక పోలీసులు ప్రమాద స్థలం నుంచే మొబైల్ యాప్‌లో లొకేషన్ నమోదు చేస్తున్నారు. కాగితం మీద "ఫలానా ధాబా దగ్గర" అని రాసే రోజులతో పోలిస్తే ఇది చాలా పెద్ద ముందడుగు.

కానీ జీపీఎస్ ఇచ్చేది ఒక చుక్క మాత్రమే. ఆ చుక్క ఏ రూట్ మీద, ఏ కిలోమీటర్ దగ్గర ఉందో తేల్చాల్సింది సాఫ్ట్‌వేర్. ఆర్క్‌జీఐఎస్‌లో ఇందుకోసం 'లొకేట్ ఫీచర్స్ అలాంగ్ రూట్స్' అనే టూల్ ఉంది. అందులో రెండు దారులు. దగ్గరున్న ఒక్క రూట్‌నే తీసుకోమనొచ్చు. లేదంటే పరిధిలో ఉన్న అన్ని రూట్లనూ తీసుకోమనొచ్చు. ఉమ్మడి భాగంలో రెండు గీతలూ కచ్చితంగా ఒకదాని మీద ఒకటే ఉంటాయి కాబట్టి దూరం రెండింటికీ సమానం. ఒక్కటే కావాలంటే ఏదో ఒకటి వస్తుంది.. మనం అనుకున్నదే వస్తుందన్న గ్యారంటీ లేదు. అన్నీ కావాలంటే ఒకే ప్రమాదం రెండు వరుసలవుతుంది. క్యూజీఐఎస్, పోస్ట్‌జీఐఎస్ వాడేవాళ్లకీ ఇదే పరిస్థితి. రూల్ ఏంటో మనం చెప్పాలి తప్ప సాఫ్ట్‌వేర్‌కి దానంతట అదే తెలియదు.

పెద్దన్న ఎవరో ముందే తేల్చుకోవాలి

మరి పరిష్కారం? ఉమ్మడి భాగంలో ఒక రూట్‌ని ప్రధానంగా ఎంచుకోవడం. దీన్నే డామినెంట్ రూట్ అంటారు. రూల్ ఏదైనా పెట్టుకోవచ్చు.. చిన్న నంబరున్నదే ప్రధానం అనొచ్చు, రాష్ట్ర రహదారి కంటే జాతీయ రహదారికే పెద్దపీట అనొచ్చు. ఏ రూల్ అన్నది అంత ముఖ్యం కాదు. అందరూ అదే పాటించడం ముఖ్యం. మన ఉదాహరణలో 44 ప్రధానం అనుకుంటే ఆ మలుపు ప్రమాదాలన్నీ 44 కిందే, ఒక్కసారే నమోదవుతాయి. అప్పుడు ఏడుకి ఏడూ ఒక్కచోటే కనిపిస్తాయి.

అలాగని 48ని మర్చిపోకూడదు. చెన్నై హైవే మొత్తం మీద ఎన్ని ప్రమాదాలయ్యాయని ఎవరైనా అడిగితే ఈ ఏడూ అందులోకి రావాలి. అందుకే పక్కన ఒక చిన్న మార్పిడి పట్టిక ఉంచుతారు. 44 మీద 100 నుంచి 190 కిలోమీటర్ల భాగం, 48 మీద 300 నుంచి 390 భాగం ఒకటే అనుకుందాం (ఇవి అర్థం కావడానికి వేసిన అంకెలు, అసలు రాళ్ల మీదివి కావు). 44 మీద 125.4 దగ్గర ప్రమాదం జరిగితే 48 లెక్కలో అది 325.4. ఘటన నమోదయ్యేది ఒకచోటే, అడిగినప్పుడు చూపించేది రెండు లెక్కల్లో.

అసలు జీవితంలో లెక్కలు ఇంత గుండ్రంగా ఉండవు. బైపాస్ వేశాక రోడ్డు పొడవు మారిపోతుంది, పాత రాళ్లు మాత్రం అలాగే ఉంటాయి. పైగా మన దగ్గర కాంట్రాక్టు కాగితాల్లో పాత కిలోమీటర్ లెక్క వేరు, డిజైన్ చైనేజీ వేరు. 44 లెక్కలో 90 కిలోమీటర్లున్న భాగం 48 లెక్కలో 91.2 ఉంటే నేరుగా 200 కలిపితే కుదరదు.. నిష్పత్తి వేయాలి. 44 మీద 145 అంటే ఉమ్మడి భాగంలో సరిగ్గా సగం. కాబట్టి 48 మీద అది 345 కాదు, 345.6. తేడా 600 మీటర్లే కదా అనుకోవద్దు. బ్లాక్ స్పాట్ పరిధే 500 మీటర్లు!

గీతల్లాంటి ఈవెంట్లకు ఇంకో మెలిక ఉంటుంది. 44 మీద 95 నుంచి 110 దాకా రిపేరు జరుగుతోందనుకోండి. అందులో 95 నుంచి 100 దాకా 44 ఒక్కదానిదే, మిగతా పది మాత్రమే ఉమ్మడి. కాబట్టి 100 దగ్గర గీతను తెంచాలి. 48 లెక్కలో 300 నుంచి 310 మాత్రమే చూపించాలి. మ్యాప్ మీద రెండు రూట్లూ విడివిడిగా కనిపించాలంటే ఒకదాన్ని కాస్త పక్కకు జరిపి గీస్తారు. దీనికి ఆఫ్‌సెట్ అనే కాలమ్ వాడతారు. సిటీ బస్ మ్యాపుల్లో ఒకే రోడ్డు మీద రంగురంగుల గీతలు పక్కపక్కనే కనిపించేది ఇలా జరపడం వల్లే.. బస్సులు నడిచేది మాత్రం ఒకే రోడ్డు మీద.

కలపాల్సినవి కొన్ని.. కలపకూడనివి కొన్ని

ఇక్కడే మళ్లీ పిల్లర్ నంబర్ల సంగతి. బెంగళూరు - హోసూరు రోడ్డు మీద కూడా దాదాపు 10 కిలోమీటర్ల ఎలక్ట్రానిక్ సిటీ ఎలివేటెడ్ రోడ్డు ఉంది. పై నుంచి చూస్తే ఫ్లైఓవర్, కింది రోడ్డు ఒకే గీత. మామూలు ఫోన్ జీపీఎస్ ఎత్తును నమ్మకంగా చెప్పలేదు. కానీ ఇవి ఒకే రోడ్డుకి రెండు పేర్లు కావు, నిజంగానే రెండు రోడ్లు. పైన స్పీడ్ వేరు, ట్రాఫిక్ వేరు, ప్రమాదాల తీరు వేరు. కింద రోడ్డు దాటే పాదచారులుంటారు. పైన ఉండరు.

ఇక్కడ డామినెంట్ రూట్ సూత్రం వాడి రెండింటినీ కలిపేస్తే కింద జరిగిన పాదచారుల మరణాలు పైరోడ్డు ఖాతాలో పడతాయి. అందుకే పైకి, కిందికి వేరే రూట్ నంబర్లు ఉండాలి. ఎక్కడ జరిగిందో నమోదు చేసే ఫారంలో "పైనా, కిందా" అన్న గడి విడిగా ఉండాలి. మ్యాప్ ఎంత మంచిదైనా ఈ ఒక్క సమాచారం స్పాట్‌లో ఉన్న మనిషి నుంచే రావాలి.

ఫోన్ చేసేటప్పుడు ఇవి చెప్పండి

హైవే మీద ప్రమాదం చూసి 108కో, జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కో ఫోన్ చేస్తే "హైవే మీద" అని ఊరుకోవద్దు. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద ఉన్న నంబర్ చదివి చెప్పండి. అది ఏ హైవే రాయో కూడా చెప్పండి. వాహనం ఏ ఊరి వైపు వెళ్లే లేన్‌లో ఉందో చెప్పండి. అక్కడ ఫ్లైఓవర్ ఉంటే పైనా, కిందా అన్నది మొదటి మాటలోనే చెప్పేయండి.