గడ్డి మిషన్‌కు ఏ ఆయిల్?

కొత్త మిషన్. పట్టుమని అరగంట కూడా నడవకుండానే బిగుసుకుపోయింది. తప్పు ఎవరిది? నడిపిన తోటమాలిదా, కొన్న యజమానిదా? జవాబు ఆయిల్ డబ్బాలో ఉంది!

శామీర్‌పేట దాటాక మాకో చిన్న తోట ఉంది. ఇంటి ముందు నాలుగు గుంటల పచ్చిక. ఓ ఆషాఢంలో గడ్డి కోయడానికి కొత్త మిషన్ కొన్నాం. తోటమాలి మురిసిపోతూ ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాడు. సగం పచ్చిక అయ్యేసరికి మిషన్ కీచుమని ఆగిపోయింది. తాడు లాగితే కదలదు.

‘ఆయిల్ పొయ్యలేదా?’ అని అరిచాను.

‘పోసిన సార్... పెట్రోల్ల కలిపే పోసిన’ అన్నాడు బిక్కమొహంతో.

జీతంలో కోస్తానని కూడా నోరు జారాను. సాయంత్రం మెకానిక్ వచ్చి విప్పి చూశాడు. ‘ఇంజిన్ల చుక్క ఆయిల్ లేదు సార్. ఇది ఫోర్ స్ట్రోక్. కొత్తది ఆయిల్ లేకుండనే వస్తది. మనమే పొయ్యాలె. పుస్తకంల రాసుంటది, సూడలేదా?’ అన్నాడు.

పుస్తకం నా బీరువాలో ఉంది. ఇంగ్లిష్‌లో! మా పాత మిషన్ టూ స్ట్రోక్. దానికి ఆయిల్‌ను పెట్రోల్‌లోనే కలపాలి. పాపం అతను తనకు తెలిసిన పని తెలిసినట్టే చేశాడు. జీతం కోత మాట వెనక్కి తీసుకున్నాను. మరమ్మతు ఖర్చూ నేనే పెట్టుకున్నాను. అరిచిన అరుపు మాత్రం వెనక్కి రాదుగా!

ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేటల్లో ఇప్పుడు ఫామ్‌హౌస్‌లు, విల్లాలు, రిసార్టులు, కాలేజీ ప్రాంగణాలు. తొలకరి పడిందంటే చాలు, ఎటు చూసినా గడ్డి మిషన్ల రొదే. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు మూత చూడండి

మిషన్‌కు పెట్రోల్ మూత కాకుండా ఆయిల్ కోసం వేరే మూత ఉంటే అది ఫోర్ స్ట్రోక్. చక్రాల మీద తోసుకెళ్లే మోవర్లు ఎక్కువగా ఇవే. వేరే మూత లేకపోతే టూ స్ట్రోక్. భుజాన తగిలించుకునే బ్రష్ కట్టర్లలో ఇవి ఎక్కువ. వీటికి 2టీ ఆయిల్ కలిపిన పెట్రోలే పోయాలి. కంపెనీ 1:50 అంటే లీటరు పెట్రోల్‌కు 20 మిల్లీలీటర్లు, 1:25 అంటే 40 మిల్లీలీటర్లు. తగ్గితే ఇంజిన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ, ప్లగ్గులో మసి.

ఇంకో మాట. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. కాబట్టి కలిపిన పెట్రోల్‌ను నెలల తరబడి డబ్బాలో ఉంచకండి. నెలకు సరిపడా కలుపుకుంటే చాలు.

డబ్బా మీద అంకెల మాటేమిటి?

ఎస్‌ఏఈ పక్కనుండే అంకె ఆయిల్ చిక్కదనాన్ని చెబుతుంది. 10డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే వింటర్. చలిలో 10లా పలచగా పారుతుంది, వేడెక్కాక 30లా చిక్కదనం నిలుపుకుంటుందని అర్థం. ఉత్త ‘ఎస్‌ఏఈ 30’ అని ఉంటే అది ఒకే గ్రేడ్ ఆయిల్.

మోవర్ ఇంజిన్‌ను చల్లబరిచేది గాలే. కారుకున్నట్టు రేడియేటర్ ఉండదు. చాలావాటిలో ఆయిల్ పంపూ, ఫిల్టరూ కూడా ఉండవు. లోపల తిరిగే చిన్న రెక్కే ఆయిల్‌ను చిమ్ముతుంది. అందుకే చిక్కదనం, మట్టం రెండూ సరిగ్గా ఉండాలి. హోండా సాధారణంగా 10డబ్ల్యూ-30 వాడమంటుంది. బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ అయితే వేడి వాతావరణానికి ఎస్‌ఏఈ 30 వాడమంటుంది. 27 డిగ్రీలు దాటిన వేడిలో 10డబ్ల్యూ-30 వాడితే ఆయిల్ ఎక్కువ ఖర్చవుతుందని, మట్టం తరచూ చూసుకోమని హెచ్చరిస్తుంది. మన దగ్గర చలికాలం మధ్యాహ్నాలే దాదాపు అంత వేడి! ఏది ఏమైనా మీ మిషన్ పుస్తకంలో ఉన్నదే వేదం.

బైకుకు పోయగా మిగిలింది పోయొచ్చా? బైకు ఆయిల్‌ను క్లచ్, గేర్లను కూడా దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. మోవర్‌లో అలాంటి క్లచ్ ఉండదు కాబట్టి ఆ గుణంతో పని లేదు. చిక్కదనం, ఏపీఐ అక్షరాలు పుస్తకంతో సరిపోవడం ముఖ్యం. చేతికందింది కదా అని పోయడం మాత్రం వద్దు.

ఎంత? ఎప్పుడు?

తోసే మోవర్‌కు సుమారు అర లీటరు పడుతుంది. మిషన్‌ను చదునైన చోట పెట్టి, చల్లారాకే పుల్ల తీసి చూడాలి. కొన్నింటికి పుల్లను మరతిప్పి బిగించి చూడాలి, కొన్నింటికి ఊరికే దించి చూడాలి. ‘కొంచెం ఎక్కువుంటే మంచిదే’ అనుకోవద్దు. పొగ వస్తుంది, ఎయిర్ ఫిల్టర్ తడిసిపోతుంది.

కొత్త ఇంజిన్‌లో మొదటి ఆయిల్‌ను త్వరగా మార్చేయాలి. కొన్ని కంపెనీలు 5 గంటలకే మార్చమంటాయి. కొత్త భాగాలు రాసుకుని రాలే లోహపు పొడి అందులో ఉంటుంది మరి! తర్వాత సాధారణంగా 50 గంటలకోసారి, లేదంటే ఏడాదికోసారి. ప్లగ్గు మీది క్యాప్ లాగేశాకే బ్లేడు దగ్గర చెయ్యి పెట్టాలి. ఇది మరవొద్దు.

చెరువు పాలు చేయొద్దు

తీసిన నల్లటి ఆయిల్‌ను చాలామంది కంచె పక్కన పారబోస్తారు. వాన పడితే అది వాగులోకి, అక్కణ్నుంచి చెరువులోకి చేరుతుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ సేకరించే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి.

మా మిషన్ మళ్లీ నడుస్తోంది. పుస్తకంలోని సంగతులన్నీ పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి షెడ్డు తలుపుకు అంటించాను. తోటమాలి ఒకటికి రెండుసార్లు చదివి, ‘ఇది ముందే పెట్టుంటే అయిపోవు గద సార్’ అన్నాడు.

నిజమే. మిషన్ కొన్న రోజే పెట్టాల్సిన కాగితమది!