ప్రధానోపాధ్యాయుని అలసట

తాండూరు నాపరాతి ధూళి కిటికీచువ్వలపై పేరుకొనియున్న గదిలో, ఉదయప్రార్థన ముగియకమునుపే మధ్యాహ్నభోజనపు కోడిగ్రుడ్ల లెక్కయు, యూడైస్ అను బడిగణాంకముల వివరములును, సెలవుపెట్టిన ఉపాధ్యాయుని తరగతియు ఒక్కమాఱుగ మీదబడిన ప్రధానోపాధ్యాయుడు బల్లపై టీ చల్లారుట గమనింపకపోవుటలో వింత యేమున్నది? 2016 అక్టోబరు 11న ఇక్కడ వికారాబాదు జిల్లా యేర్పడి కార్యాలయములు చేరువయ్యెను గాని, మండల విద్యాధికారి బాధ్యతను గూడ అదనముగా మోయవలసివచ్చిన ప్రధానోపాధ్యాయులకు భారము తగ్గలేదు. 1974లో ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త వర్ణించిన యిట్టి అలసటను, అనగా వృత్తిగ్లానిని (బర్నౌట్), ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో, రోగముగా గాక, చక్కదిద్దక విడిచిన దీర్ఘకాలపు పనియొత్తిడి ఫలితముగా నిర్వచించినది. శక్తిక్షయము, పనియెడ వైముఖ్యము, సామర్థ్యము సన్నగిల్లుట దాని లక్షణములు. ఒత్తిడి పుట్టుచున్నది పనిలో గనుక, అనంతగిరి కొండల చెట్లనీడను ఒకపూట ధ్యానశిబిరము నడపుటకంటె, నా మట్టుకు, బడికొక గుమాస్తాను నియమించుటయే మేలు.