ఇల్లు బాడుగకిచ్చారా? రిపేరు బిల్లులు కాదు, ఈ కాగితాలు దాచుకోండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో సొంతిల్లు బాడుగకిచ్చి బెంగళూరులో ఉద్యోగం చేసుకునేవాళ్లు ఉన్నారు. ఆదాయ పన్ను రిటర్ను వేసేటప్పుడు సున్నం కొట్టించిన బిల్లు, మోటారు బాగుచేయించిన బిల్లు వెతుకుతుంటారు. ఆ వెతుకులాట అనవసరం.

ఏడాది అద్దెలోంచి ఇంటి పన్ను తీసేయగా మిగిలిన దాంట్లో 30 శాతాన్ని చట్టమే మినహాయిస్తుంది. రిపేర్లకు రూపాయి పెట్టకపోయినా, లక్ష పెట్టినా అంతే. బిల్లులు అడగరు.

ఇంటి పన్నుకు మాత్రం రసీదు కావాలి. మున్సిపాలిటీ ఇచ్చిన డిమాండు నోటీసు చాలదు. ఆ ఆర్థిక సంవత్సరంలో యజమానే కట్టి ఉండాలి. పాత బకాయి ఇప్పుడు కడితే అది కూడా ఈ ఏడాది లెక్కలోకే వస్తుంది. బాడుగకున్నవాళ్లు కడితే మీకు మినహాయింపు రాదు. రసీదు ఇంకా తాతగారి పేరునే వస్తుంటే ముందు పేరు మార్పించుకోండి.

అసలు చిక్కు వడ్డీ దగ్గర. బ్యాంకు అప్పయితే ఏటా వడ్డీ సర్టిఫికెట్ ఇస్తారు. అందులో అసలు, వడ్డీ విడివిడిగా ఉంటాయి. ఇక్కడ లెక్కకొచ్చేది వడ్డీయే. మన వైపు చాలామంది ప్రోనోటు మీద తెలిసినవాళ్ల దగ్గర తెచ్చి ఇల్లు కడతారు. ఆ వడ్డీకీ మినహాయింపు ఉంది. కానీ అప్పిచ్చినవాళ్ల పేరు, పాన్, వడ్డీ అందినట్లు రాతపూర్వక ధ్రువీకరణ, డబ్బు ఇంటికే ఖర్చయిందనే ఆధారం చూపగలగాలి. చేతికి చేతికి నగదు తీసుకుని ఉంటే మరో ప్రమాదం: 20 వేలు, ఆపైన అప్పును నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు.

ఉదాహరణకు నెలకు 12,000 చొప్పున ఏడాదికి 1,44,000 అద్దె. ఇంటి పన్ను 6,000 పోగా 1,38,000. అందులో 30 శాతం, అంటే 41,400 తీస్తే 96,600. వడ్డీ 1,50,000 కట్టి ఉంటే 53,400 నష్టం. పాత పన్ను విధానంలో ఈ నష్టాన్ని ఏడాదికి 2 లక్షల వరకు జీతంలోంచి తగ్గించుకోవచ్చు. కొత్త విధానంలో కుదరదు.

రిటర్నుతో ఏ కాగితమూ జతచేయనక్కర్లేదు. అందుకే చాలామంది నోటికొచ్చిన అంకె వేసేస్తారు. నోటీసు వచ్చాక ఆధారం చూపలేకపోతే, ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం దాకా జరిమానా వేసే వీలు చట్టంలో ఉంది.