హైదరాబాదులో ఉపగ్రహాలు చేసే కంపెనీ ఎంత పెరిగినట్టు?

శంషాబాద్ దగ్గర 2,80,000 చదరపు అడుగుల ఉపగ్రహాల ఫ్యాక్టరీ పెడుతున్నట్టు హైదరాబాదు కంపెనీ ధ్రువ స్పేస్ ప్రకటించింది. మనకు అలవాటైన లెక్కలో అది ఆరున్నర ఎకరాలకు కాస్త తక్కువ. 500 కిలోల దాకా బరువుండే ఉపగ్రహాలను అక్కడ తయారు చేయాలన్నది ఆలోచన. ఇదే కంపెనీ 2022లో మొదటిసారి పైకి పంపిన రెండు ఉపగ్రహాల బరువు కలిపినా కిలోన్నర దాటదు. ఒక్కొక్కటీ మన కోనసీమలో ఒలిచిన పెద్ద కొబ్బరికాయ కంటే కాస్త బరువు, అంతే.

కిలో కూడా లేని ఉపగ్రహం నుంచి 500 కిలోలకు ఎలా ఎదుగుతారు? డబ్బు ఎవరిస్తున్నారు? పి.గన్నవరంలో ఉన్న మనకు దీనితో పనేమిటి? ఇవన్నీ అడగాల్సిన ప్రశ్నలే.

ముందు ఒక చిన్న సంగతి తేల్చుకుందాం. ధ్రువ స్పేస్ రాకెట్లు చేయదు. రాకెట్ పైకి మోసుకెళ్లేది, ఉపగ్రహం పైన ఉండి పనిచేసేది. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ రాకెట్‌ను ఎగరేసిన స్కైరూట్ కూడా హైదరాబాదుదే కాబట్టి రెండు కంపెనీలనూ కలిపేసుకుంటుంటాం. స్కైరూట్‌ది రాకెట్ల వ్యాపారం, ధ్రువది ఉపగ్రహాల వ్యాపారం.

సంజయ్ నెక్కంటి ధ్రువ స్పేస్‌ను మొదలుపెట్టింది 2012లో. మొదటి ఉపగ్రహాలు కక్ష్యకు చేరింది 2022 నవంబరు 26న, ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ-సీ54 మీద. మధ్యలో పదేళ్లు. ఏం చేశారు అన్నేళ్లూ అని అనుమానం రావచ్చు. తప్పంతా వాళ్లది కాదు. అప్పట్లో మన దేశంలో ప్రైవేటు కంపెనీల పని ప్రధానంగా ఇస్రో అడిగిన విడిభాగాలు చేసిపెట్టడమే. సొంతంగా ఉపగ్రహం చేసి, అనుమతి తీసుకుని, ఎగరేసుకునే దారి సరిగ్గా లేదు. 2020 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆ తలుపు తీసింది. అనుమతులిచ్చే బాధ్యతను ఇన్‌-స్పేస్ అనే కొత్త సంస్థకు అప్పగించింది. ఆ తర్వాత రెండేళ్లకు ధ్రువ ఆకాశంలో ఉంది.

దారి తెరుచుకున్నాక వాళ్లు వేసిన అడుగుల వరుస చూడండి. 2022 జూన్ 30న పీఎస్‌ఎల్‌వీ-సీ53లో పంపింది ఉపగ్రహం కాదు, ఒక పెట్టె. రాకెట్ పైకి వెళ్లాక తలుపు తెరిచి ఉపగ్రహాన్ని బయటకు తోసే పెట్టె అది. ఆ తలుపు తెరుచుకోకపోతే లోపల ఎంత గొప్ప ఉపగ్రహమున్నా వృథాయే కదా. అందుకే ముందు దాన్ని పరీక్షించారు. నవంబరులో థైబోల్ట్-1, థైబోల్ట్-2 అనే రెండు బుల్లి ఉపగ్రహాలు వెళ్లాయి. హ్యామ్ రేడియో వాళ్లు, అంటే సరదాకొద్దీ లైసెన్సు తీసుకుని రేడియోలో మాట్లాడుకునేవాళ్లు పంపే సందేశాలను అందుకుని, దాచి, మరోచోట దింపడం వాటి పని. 2023 ఏప్రిల్ 22న ఇంకాస్త పెద్ద పెట్టెల్ని పరీక్షించారు. 2024 జనవరి 1న పీ-30 వంతు వచ్చింది. పీ-30 అంటే ఉపగ్రహపు ఒళ్లు: కరెంటు, కంప్యూటరు, రేడియో, దిశ తిప్పుకునే ఏర్పాటు అన్నీ అందులో ఉంటాయి. కొనేవాడు తన కెమెరానో మరో పరికరాన్నో తెచ్చి బిగించుకోవాలి. అలా బిగించేదాన్ని ఈ రంగంలో పేలోడ్ అంటారు, అసలు పని చేసేది అదే.

ఇంత నత్తనడక ఎందుకంటే, అక్కడికి మెకానిక్‌ను పంపలేం. దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులో ఉపగ్రహం సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల పైచిలుకు వేగంతో తిరుగుతుంది. ఆ వేగానికి మన గన్నవరం నుంచి అమలాపురం మూడు సెకన్లు కూడా పట్టదు. భూమిని రోజుకు 15 సార్లు చుడుతుంది. చాలా కక్ష్యల్లో ప్రతి చుట్టులోనూ ఒకసారి మండుటెండలోకి, ఒకసారి గడ్డకట్టే నీడలోకి వెళ్తుంది. అంటే ఏడాదికి 5,000 సార్లకు పైగా కాగడం, చల్లారడం. ఒక్క అతుకు వదిలినా కథ ముగిసినట్టే. అందుకే కొనేవాళ్లు మొదట అడిగేది ధర కాదు, ‘ఇది ఇంతకుముందు పైన పనిచేసిందా?’ అని. ధ్రువ ఒక్కో భాగాన్నీ విడివిడిగా పైకి పంపి సంపాదించుకున్నది ఈ ప్రశ్నకు జవాబే.

ఇక డబ్బు. 2021లో ధ్రువకు పెట్టుబడిగా వచ్చింది 22 కోట్లు. 2024 ఏప్రిల్ నాటికి 123 కోట్లు. పెట్టుబడి అంటే అప్పు కాదు. డబ్బు పెట్టినవాళ్లు కంపెనీలో వాటా తీసుకుంటారు, కంపెనీ మునిగితే వాళ్ల సొమ్మూ పోతుంది. 123 కోట్లు ఎంత పెద్ద మొత్తం? మంగళయాన్‌కు ఇస్రో పెట్టిన ఖర్చు 450 కోట్లు. అందులో నాలుగోవంతు కంటే కాస్త ఎక్కువ. పేపర్లో ‘ఇన్ని కోట్ల పెట్టుబడి’ అని రాగానే కంపెనీ అంత లాభం చేసిందనుకుంటాం. పెట్టుబడి రాబడి కాదు, ముందు ముందు రాబడి వస్తుందన్న ఆశకు కట్టిన ధర. నన్నడిగితే, ఈ రంగంలో కోట్లకన్నా కిలోల లెక్కే నిజం చెబుతుంది.

ఎందుకో వరద లెక్కలో చూద్దాం. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మన మండలంలో బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, జి.పెదపూడిలంక వాళ్లకు వరదంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఎక్కడెక్కడ ఎంత మేర మునిగిందో పైనుంచి చూసి పటం గీసిచ్చే పని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రానిది. అయితే రెండు చిక్కులున్నాయి. మొదటిది, ఒకే ఉపగ్రహం ఒకే చోటికి రోజూ రాదు. పంటల్ని చూసే మన రిసోర్స్‌శాట్‌లో లిస్-3 అనే కెమెరా ఒకచోటును మళ్లీ చూడటానికి 24 రోజులు పడుతుంది. వరద వారం రోజుల్లో వచ్చి పోతుంది. అలాంటివి 24 ఉంటే, సమంగా సర్దితే, రోజుకొకటి మన మీదుగా వెళ్తుంది. ఒక్కటి పెద్దది కాకుండా చిన్నవి చాలా కావాలని ప్రపంచమంతా అడుగుతున్నది ఇందుకే. ధ్రువ లాంటి కంపెనీలకు గిరాకీ పుట్టిందీ ఇక్కడే.

రెండో చిక్కు మబ్బు. వరదప్పుడు ఆకాశం మూసుకుపోతుంది, మామూలు కెమెరాకు మబ్బే కనిపిస్తుంది. రాడార్ కావాలి. తానే రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చినవాటితో బొమ్మ కట్టే పరికరం అది. దానికి రాత్రీ మబ్బూ అడ్డు కావు, కానీ కరెంటు బాగా తింటుంది, యాంటెన్నా పెద్దది కావాలి. 2022 ఫిబ్రవరిలో ఇస్రో పంపిన రాడార్ ఉపగ్రహం ఈఓఎస్-04 బరువు 1,710 కిలోలు. అయితే 2018 జనవరిలో ఫిన్లాండ్ కంపెనీ ఐస్‌ఐ 100 కిలోల లోపు రాడార్ ఉపగ్రహాన్ని చేసి చూపించింది. దాన్ని ఎగరేసింది మన శ్రీహరికోట నుంచే, పీఎస్‌ఎల్‌వీ-సీ40 మీద. కాబట్టి కిలో కూడా లేని ఉపగ్రహం సందేశాలు చేరవేయగలదు కానీ ఊడిమూడిలంకలో నీళ్లెంతవరకు వచ్చాయో చెప్పలేదు. పదుల, వందల కిలోలకు ఎదిగితేనే ఆ పని చేతికొస్తుంది.

హైదరాబాదులోనే ఇంకో దారిలో నడిచిన కంపెనీ ఉంది. ఇస్రోలో పనిచేసి బయటికొచ్చిన పావులూరి సుబ్బారావు 1992లో స్థాపించిన అనంత్ టెక్నాలజీస్. మూడు దశాబ్దాలు ఇస్రోకు పనిచేసిపెట్టి ఆరితేరింది. 2024 డిసెంబరు 30న ఎగిరి, తర్వాతి నెల 16న అంతరిక్షంలో ఒకదానికొకటి అతుక్కున్న స్పేడెక్స్ జంట ఉపగ్రహాలను కూర్చి, పరీక్షించింది బెంగళూరులోని ఈ కంపెనీ కేంద్రంలోనే. ఒక్కొక్కటి 220 కిలోలు, అంటే థైబోల్ట్‌కు దాదాపు 300 రెట్లు. అయితే అవి ఇస్రో ఉపగ్రహాలు. చిన్నదైనా సొంత సరుకు అమ్మాలని ధ్రువ, పెద్ద పనిలో చేయి పెట్టి నేర్చుకోవాలని అనంత్. ఏ దారి లాభమో ఇప్పుడే తేలదు గానీ, పెద్ద ఉపగ్రహాల విషయంలో అనుభవం అనంత్‌దే ఎక్కువ.

‘మరి రాకెట్ విఫలమైతే?’ అనే సందేహం మిగిలింది. అదీ జరిగింది. 2026 జనవరి 12న పీఎస్‌ఎల్‌వీ-సీ62 మూడో దశలో దారి తప్పింది. కక్ష్య చేరకుండా పోయిన ఉపగ్రహాల్లో ధ్రువ తయారు చేసినవీ ఉన్నాయి. తన తప్పు లేకుండానే ఏళ్ల కష్టం నిమిషాల్లో పోయే వ్యాపారమిది. కంపెనీలు తమ ఉపగ్రహాలన్నీ ఒకే రాకెట్ మీద పెట్టకూడదనుకునేది అందుకే.

డిప్లొమా, ఐటీఐ చదివే పిల్లలున్న ఇళ్లకు ఒక మాట. ఉపగ్రహాల తయారీ అంటే శాస్త్రవేత్తలే కావాలనేమీ లేదు. సన్నని వైర్లను తప్పులేకుండా టంకం పెట్టేవాళ్లు, లోహాన్ని వెంట్రుకవాసి తేడా రాకుండా కోసేవాళ్లు, పరీక్ష యంత్రాలు నడిపేవాళ్లు కావాలి. మిధాని, ఈసీఐఎల్, రక్షణ ప్రయోగశాలల చుట్టూ హైదరాబాదులో ఆ పనితనం దశాబ్దాలుగా పెరిగింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన అంతరిక్ష విధానంలో లేపాక్షి, తిరుపతిల్లో స్పేస్ సిటీలు పెడతామంది. అవి కాగితం దాటి వచ్చేలోపు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ డిప్లొమాల్లో చేతిపని గట్టిగా నేర్పే కాలేజీ ఏదో విచారించి పిల్లల్ని చేర్చండి.