తెలుగులో పూజ, తెలుగులో పాపసంకీర్తనం: నియమం ఎంత, ఆచారం ఎంత?

హోసూరు ప్రాంతం నుంచి వచ్చి మా విభాగంలో చదువుతున్న ఒక విద్యార్థిని ఆ మధ్య ఒక ప్రశ్న వేసింది. "మా అవ్వకు తమిళం అంతంతమాత్రం. మా గుడి ఫాదరుగారికి తెలుగు రాదు. పూజకు వెళ్లి కూర్చుంటుంది గాని, పాపసంకీర్తనం చేసి ఎన్నేళ్లయిందో! తెలుగులో చెప్పుకుంటే చెల్లదని ఎవరో అన్నారట. నిజమేనా?"

నిజం కాదు. అయితే ఆ ఒక్కమాట చెప్పి ఊరుకుంటే చాలదనిపించింది. బెంగుళూరు, చెన్నై, బరంపురం, ముంబై వంటి చోట్ల తరాల తరబడి ఉంటున్న తెలుగు కతోలికుల పిల్లలు ఇలాంటి సందేహాలు తరచు వ్యక్తం చేస్తుంటారు. వాటిలో కొన్నింటికి ఇక్కడ సమాధానం చెప్పే ప్రయత్నం చేస్తున్నాము. మనకు ఆధారం 1983లో వెలువడిన శ్రీసభ ధర్మశాస్త్ర సంహిత. కతోలికులు తమ సంఘాన్ని శ్రీసభ అంటారు. ఆ సభలో లాటిన్ రీతికి చెందిన వారందరికీ ఈ సంహిత వర్తిస్తుంది.

పూజ ఏ భాషలో జరగాలి?

1963 డిసెంబరు 4న రెండవ వాటికన్ మహాసభ దైవార్చనను గురించిన శాసనాన్ని ప్రకటించింది. అంతవరకు లాటిన్‌లోనే సాగిన దివ్యబలిపూజ ప్రజల భాషల్లోకి రావటానికి దారి తీసింది ఆ శాసనమే. సంహితలోని 928వ సూత్రం ప్రకారం పూజ లాటిన్‌లో గాని మరొక భాషలో గాని చేయవచ్చు. అర్చన గ్రంథానికి సక్రమమైన ఆమోదం ఉండటం ఒక్కటే షరతు. అనువాదాలను సిద్ధపరచి ఆమోదించవలసిన బాధ్యత పీఠాధిపతుల సమాఖ్యలది. వాటిని రోము ధ్రువీకరిస్తుంది. 2017లో పోప్ ఫ్రాన్సిస్ ఈ విషయంలో సమాఖ్యల పాత్రను మరింత పెంచారు.

కనుక ఆమోదం పొందిన తెలుగు పూజ గ్రంథంతో బెంగుళూరులోనో బరంపురంలోనో పూజ చేయటం నియమవిరుద్ధం కాదు. అలాగని ఫలానా విచారణలో తెలుగు పూజ ఉండి తీరాలని కూడా నియమం లేదు. తెలుగు కతోలికులు పారిష్‌ను విచారణ అంటారు. ఏ వేళకు ఏ భాషలో పూజ ఉండాలన్నది అక్కడి జనాన్ని, గురువుల లభ్యతను బట్టి విచారణ గురువులు, వారిపై మేత్రాసన పీఠాధిపతి నిర్ణయించే విషయం.

అర్థం కాని భాషలో పూజ చూస్తే ఆదివారపు విధి తీరినట్టేనా?

తీరినట్టే. 1248వ సూత్రం చెప్పేది ఇది: ఆదివారం నాడు గాని ముందురోజు సాయంత్రం గాని, ఏ కతోలిక రీతిలో జరిగే పూజలో పాల్గొన్నా విధి నెరవేరుతుంది. ఈ సూత్రంలో భాష ప్రస్తావనే లేదు. దగ్గరలో ఉన్నది కేరళవారి సీరో మలబారు రీతి గుడి అయినా ఫరవాలేదు. ఎన్నాళ్లు అక్కడికి వెళ్లినా అంతమాత్రాన మీ రీతి మారదని 112వ సూత్రం స్పష్టం చేస్తున్నది.

విధి తీరటం వేరు, మనసు నిండటం వేరు. ప్రసంగం అర్థం కాని పిల్లలు క్రమంగా గుడికి దూరమవుతారు. ప్రజల భాషకు చోటిచ్చినప్పుడు మహాసభ కోరుకున్నది కూడా జనం తెలిసి పాల్గొనాలనే.

పాపసంకీర్తనం మాటేమిటి?

అవ్వ ప్రశ్నకు సమాధానం 990వ సూత్రంలో ఉంది. దుభాషి ద్వారా పాపసంకీర్తనం చేయటానికి ఎవరికీ నిషేధం లేదు. గురువుకే కాక, విన్న దుభాషికీ రహస్యాన్ని కాపాడే కట్టుబాటు ఉన్నదని 983వ సూత్రం చెప్తుంది.

అయినా మనవరాలిని పక్కన పెట్టుకుని పాపాలు చెప్పుకోవటానికి ఏ అవ్వ ఒప్పుకుంటుంది? అందుకు వేరే దారి ఉంది. అధికారం గల ఏ గురువు దగ్గరైనా, తనకు ఇష్టమైన వారి దగ్గర పాపసంకీర్తనం చేసుకోవచ్చునని 991వ సూత్రం. తన మేత్రాసనంలో ఆ అధికారం పొందిన గురువు సాధారణంగా ఇతర చోట్ల కూడా వినవచ్చునని 967వ సూత్రం. అంటే తపస్సుకాలంలో చిత్తూరు వైపు నుంచో కర్నూలు వైపు నుంచో ఒక తెలుగు గురువును, స్థానిక విచారణ గురువుల అనుమతితో, ఒక్కరోజు పిలిపించుకుంటే ఊరి పెద్దవాళ్లందరి సమస్యా తీరుతుంది.

హాస్టల్లో ఉండే విద్యార్థి ఏ విచారణకు చెందుతాడు?

ఒకచోట కనీసం మూడు నెలలు ఉండాలనే ఉద్దేశంతో వచ్చినా, నిజంగా మూడు నెలలు ఉన్నా, అది అతని తాత్కాలిక నివాసమవుతుంది. అక్కడి విచారణ గురువులు అతనికి సొంత గురువులే. విచారణలు సాధారణంగా ఎల్లలను బట్టి ఏర్పడతాయి. అయితే రీతిని, భాషను, జాతిని బట్టి కూడా విచారణలను ఏర్పరచవచ్చునని 518వ సూత్రం అంటున్నది. తెలుగువారికి ప్రత్యేక విచారణ కావాలని అడగటం వింత కోరిక కాదన్నమాట. కాకపోతే దాన్ని ఏర్పరచవలసింది పీఠాధిపతి.

పెళ్లికి ఎప్పటిదో జ్ఞానస్నాన పత్రం ఎందుకు?

జ్ఞానస్నానపు దస్త్రం ఒక్కరోజు సంగతి రాసి మూసేసే పుస్తకం కాదు. ఆ మనిషి భద్రమైన అభ్యంగనం, వివాహం, గురుపట్టం వంటివన్నీ అదే పేరు పక్కన నమోదు కావాలని 535వ సూత్రం విధిస్తున్నది. వివాహం ఎక్కడ జరిగినా ఆ కబురు జ్ఞానస్నానం జరిగిన విచారణకు చేరాలి. అందుకే ఇంట్లో ఉన్న పాత పత్రం చాలదని, కొత్తగా తెమ్మని గురువులు అడుగుతారు. పెళ్లికొడుకుకు గాని పెళ్లికూతురుకు గాని నివాసమున్న విచారణలో, లేదా వారిలో ఒకరు నెలరోజులు ఉన్న విచారణలో వివాహం జరపవచ్చు. మరోచోట జరపాలంటే తగిన అనుమతి కావాలి.

తెలుగు అధ్యయనం చేసేవారు ఇక్కడ ఇంకో విషయం గమనించాలి. తమిళనాట స్థిరపడ్డ కుటుంబాల్లో ఇంటిపేరు పోయి తండ్రి పేరు పొడి అక్షరంగా మిగలటం పరిపాటి. ఇంట్లో మరచిపోయిన ఇంటిపేరు, పూర్వుల ఊరు పాత దస్త్రంలో దొరికితే దొరకవచ్చు. పత్రం కోసం వెళ్లినప్పుడు ఆ వరుస మొత్తం చూపమని మర్యాదగా అడిగి చూడండి.

చెప్పులు విడవటం, నేలమీద కూర్చోవటం నియమమా?

కావు, ఆచారాలు. 1969లో భారతదేశపు పీఠాధిపతుల కోరికపై రోము పన్నెండు అంశాలను అనుమతించింది. నేలమీద కూర్చోవటం, పాదరక్షలు విడవటం, మోకాలు వంచటానికి బదులు చేతులు జోడించి నమస్కరించటం, హారతి, నూనె దీపం వాటిలోవి. ఊరి గుడిలో చాప, నగరం గుడిలో బెంచీ ఉన్నాయని ఒకరినొకరు తప్పు పట్టుకోనవసరం లేదు.

మాటల సంగతి

ఇరుగు భాషలో పూజ చూసేవారికి ఒక ఊరట ఉంది. తెలుగు జ్ఞానస్నానమే తమిళంలోనూ జ్ఞానస్నానం, ఇప్పుడు తిరుముళుక్కు అంటున్నారు. మన పాత పుస్తకాల్లోని దేవద్రవ్యానుమానం తమిళంలో దేవతిరవియ అనుమానం. దివ్యబలిపూజను తమిళులు తిరుప్పలి అంటే కన్నడిగులు బలిపూజె అంటారు. మన విచారణ తమిళుల పంగు. నాలుగు వారాలు శ్రద్ధగా వింటే పూజ క్రమం దానంతటదే తెలుస్తుంది.

చివరిగా ఒక మాట. నియమం తెలుగుకు ఎక్కడా అడ్డు తగలటం లేదు. తెలుగును తనంతట తాను తెచ్చి ఇవ్వటమూ లేదు. తమ ఆధ్యాత్మిక అవసరాలను, కోరికలను కాపరులకు తెలుపుకునే స్వేచ్ఛ విశ్వాసులకు ఉన్నదని 212వ సూత్రం చెప్తుంది. నెలకొక తెలుగు పూజ, ఏడాదికొకసారి తెలుగు పాపసంకీర్తనం కావాలని నాలుగు కుటుంబాలు కలిసి విచారణ గురువులకు మనవి రాసుకోవచ్చు. పొరుగు భాషవారితో పోటీగా కాక, ఫలానా అవ్వలకు, తాతలకు అవసరమని పేర్లతో సహా రాస్తే ఆ మనవికి బలం ఉంటుంది. ఆ విద్యార్థినికి కూడా మేము ఇదే చెప్పాము. కాగితం రాయటం చదువుకున్న మనవరాలి పని. ఇప్పుడైతే రాసేవారూ ఉన్నారు, అడిగే అవ్వలూ ఉన్నారు. ఇంకో తరం గడిస్తే అడిగేవారే ఉండకపోవచ్చు.